నవ్వించుచు భయపెట్టువారు

నిరుడు ఉగాదినాటి సాయంకాలము కతర్‌గామ్‌లో మన తెలుగు కుటుంబములు కొన్ని యొకచోట చేరినపుడు పిల్లలు ‘కన్యాశుల్కము’లోని రెండు రంగములను ప్రదర్శించిరి. లుబ్ధావధానులు వేషము వేసిన కుర్రవాడు చేతికఱ్ఱను తడుముకొనుచు, రొంటినున్న డబ్బుసంచిని మాటిమాటికి చూచుకొనుచు నడచి వచ్చుసరికి పెద్దలు, పిల్లలు కడుపు చెక్కలగునట్లు నవ్విరి. ముందువరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు మాత్రము నవ్వలేదు. ఆమె మన సహోద్యోగి యొకరి మాతృమూర్తి, విజయనగర ప్రాంతమువారు. తరువాత పులిహోర పంచునపుడు, “అమ్మా, నాటకము నచ్చలేదా?” అని అడిగితిని.

“నచ్చకేం బాబూ, కుర్రాడు బాగా ఆడాడు. మా నాయనమ్మ చెల్లెల్ని ఆరో యేట ఇలాంటి ముసలాయనకే ఇచ్చేరుట. పెళ్ళినాడు ఆయన్ని చూసి ఊళ్ళో పిల్లలంతా నవ్వేరుట. ఆ పిల్లా నవ్విందిట, ఎవరో తాతగారనుకుని. ఏడాది తిరక్కుండా బొట్టు తీసేసేరు,” అని ఆమె చెప్పినది.

ఆ మాట నన్ను చాలదినములు విడువలేదు. ఒకే మనుష్యుడు చూచువారికి హాస్యగాడుగను, వాని చేతికి చిక్కిన పిల్లకు యమునిగను ఎట్లు కనిపించును? పెండ్లిని, అంతస్తును గూర్చి వ్రాసిన గొప్ప రచయితలందరు ఈ రెండు ముఖములుగల పాత్రను ఏల సృష్టించిరి? విజయనగరమున జరిగినట్టి ప్రయత్నమే మనము నేడు నివసించుచున్న ఈ సూరతు నగరమునను జరిగినది. అంతకుముందే ఆంగ్లదేశమునను జరిగినది. ఆ చరిత్రను మన సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మన ఇంటి సంగతి. గురజాడ అప్పారావుగారి (1862–1915) ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది, మిక్కిలి పెంచి, మార్చి వ్రాసిన రెండవ కూర్పు 1909లో వెలువడినది. మొదటి కూర్పునకు ఆయన వ్రాసిన ఆంగ్లపీఠికలో కొన్ని లెక్కలు గలవు. మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలో శుల్కము పుచ్చుకొని చేసిన బ్రాహ్మణ వివాహములకు పట్టిక వ్రాయింపగా మూడేండ్లలో 1034 పెండ్లిండ్లు తేలినవి. వధువులలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది వయస్సువారు ముగ్గురు. ఆ ఏడాది పసికందుల వెల తలకు 350 నుండి 400 రూపాయలు. ఇట్టి పట్టికను చేతనుంచుకొన్న మనుష్యుడు విషాదనాటకము వ్రాసినచో ఎవరును ఆశ్చర్యపడరు. ఆయన వ్రాసినది ప్రహసనప్రాయమైన నాటకము. ఇది గమనింపదగిన విషయము.

ఆ నాటకమున అగ్నిహోత్రావధానులను చూడుడు. కోపము ముక్కుమీద నుండును. కోర్టు వ్యవహారములన్న చెవికోసుకొనును. అట్టివాడు మన ఊళ్ళలో ప్రతి అగ్రహారమునను ఒకడుండెడివాడు; వానిని చూచి నవ్వుకొనుటయు కలదు. కాని ఆయన తన పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివానికి అమ్మి వితంతువును చేసినాడు. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులకు ఇచ్చుటకు సిద్ధమైనాడు. భార్య వెంకమ్మ వద్దనును. ఆమె మాటకు విలువ లేదు. చివరకు ఆమె నూతిలో దుముకును. ఆ ఘట్టమువరకు ఆయన కోపము మనకు వినోదము. ఆ క్షణమున అదే కోపము ప్రాణాంతకము. మనిషి మారలేదు. ఆయన కోపము ఎవరిపై పనిచేయుచున్నదో మనకు కనిపించినది, అంతే.

ఇక సూరతు నగరమునకు వత్తము. మన కతర్‌గామ్ ఒకప్పుడు నగరపు గోడకు వెలుపలనున్న గ్రామము. దాని పేరనే నగరద్వారమొకటి కతర్‌గామ్ దర్వాజా యని ప్రసిద్ధమైనది. ఆ దర్వాజా సమీపమున నున్న ఆంగ్లేయుల, డచ్చివారి పాత సమాధులను మనలో చాలమంది చూచియుందురు. ఆ దారినే లోపలికి పోయినచో పందొమ్మిదవ శతాబ్దమున గుజరాతీ నవ్యసాహిత్యము పుట్టిన వీధులు వచ్చును. దుర్గారామ్ మెహతా 1844లో మానవధర్మసభను స్థాపించినది ఈ ఊరనే. కవి నర్మదుడు (1833–1886) ఈ ఊరివాడే. వితంతు వివాహమునకై కలముతోను, జీవితముతోను పోరాడినవాడు. గుజరాతీలో తొలి చారిత్రక నవలయైన ‘కరణ్ ఘేలో’ను 1866లో ప్రకటించిన నందశంకర్ మెహతా ఈ ఊరివాడు. అదే సంవత్సరమున ‘సాసూ వహూనీ లఢాయీ’, అనగా అత్తాకోడండ్ర పోరు, అను సాంఘిక నవలను వెలువరించిన మహీపత్‌రామ్ రూప్‌రామ్ నీలకంఠ్ కూడ సూరతులో పుట్టినవాడే. ఈయన 1860లో ఇంగ్లండుకు వెళ్ళివచ్చి కులమువారి బహిష్కారమునకు గురియైనాడు. కనుక ఇంటిపెద్దల అధికారమును, కులపెద్దల అధికారమును గూర్చి ఆయనకు పుస్తకములు చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను.

ఆయన నవలపేరు వినగానే మనకు నవ్వు వచ్చును. అత్తాకోడండ్ర తగవులు తెలుగునాట వలెనే గుజరాతునను నవ్వులాటలకు పుట్టినిల్లు. గయ్యాళి అత్త సామెతలకెక్కిన హాస్యపాత్ర. కాని ఆ నవలను చదువువారు కోడలి పక్షమున నిలువవలసి వచ్చును. ఇరుగుపొరుగునకు ఆ కేకలు కాలక్షేపము. ఇంటిలోని పిల్లకు, తలుపు మూసిన తరువాత, వేరు దిక్కు లేదు. అత్తయు ఒకనాడు కోడలే. తాను పడినదానిని తిరిగి పెట్టుటయే ఆమెకు సంఘమిచ్చిన ఏకైక అధికారము.

ఇంతకంటె మన ‘కన్యాశుల్కము’నకు దగ్గరి బంధువు ఇంకొకటి యున్నది. సూరతువాడైన నవలరామ్ పండ్యా (1836–1888) 1867లో ‘భట్‌నుఁ భోపాళుఁ’ అను హాస్యనాటకమును ప్రకటించెను. దీనికి మూలము ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 1666లో ప్రదర్శించిన దొంగవైద్యుని ప్రహసనము. దానిని హెన్రీ ఫీల్డింగ్ 1732లో ఆంగ్లములోనికి తెచ్చెను. ఆ ఆంగ్లరూపమునుండి నవలరామ్ గ్రహించెను. మూలకథలో ధనికుడైన తండ్రి కూతురు వలచినవానిని కాదని మరియొక ధనికునికి ఇచ్చి చేయదలచును; ఆ పిల్ల మూగదానివలె నటించును; వైద్యమే తెలియని యొకడు దెబ్బలకు భయపడి వైద్యుడై కూర్చుండును. నవలరామ్ ఈ కథను సూరతు వీధులలోనికి తెచ్చునపుడు వరుని ముసలివానిగను, తండ్రిని డబ్బునకు ఆశించి పిల్లను అట్టివానికి కట్టబెట్టువానిగను చేసెను. పారిస్‌లో అది తండ్రి మొండిపట్టు, సూరతులో కన్యావిక్రయము. నవ్వు అట్లే యుండగా దాని అడుగున మరియొక చీకటి చేరినది. ఈ నవలరామే బాల్యవివాహములపై 1876లో ‘బాళలగ్న బత్రీసీ’ అను వ్యంగ్యగీతములను వ్రాసెను. వానిలో జంతువుల పెండ్లి ఊరేగింపును వర్ణించిన పాట గుజరాతీ పిల్లలకు నేటికిని పరిచితము.

1867 నాటికి గురజాడవారు అయిదేండ్ల బాలుడు. కనుక ఒకరు చూపినదారిని ఇంకొకరు నడచిరని చెప్పుట లేదు. ఒకే వ్యాధి రెండు దేశభాగములలో నుండగా, ఇద్దరు వైద్యులు ఒకరినొకరు ఎరుగకయే ఒకే మందును నూరిరి. ఈ నడుమ గోదావరీతీరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారును అదే మందును వాడిరి. వారి ‘బ్రహ్మవివాహము’ను జనులు పెద్దయ్యగారి పెండ్లి యని పిలుచుకొని నవ్వుకొనిరి. వారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో పత్రికలో మొదలై 1880లో గ్రంథరూపము దాల్చినది. గోల్డ్‌స్మిత్ నవలయొక్క ఛాయ దానియందు గలదు. బంగారము చేసెదనని నమ్మించి ఇంటిసొత్తునంతయు ఎత్తుకొనిపోవు బైరాగి అందు మనలను మొదట నవ్వించును. ఆ కుటుంబము దారిద్ర్యమున పడినపుడు, పిల్లల పెండ్లిండ్లు ప్రశ్నార్థకమైనపుడు, ఆ నవ్వు మాయమగును. పంతులుగారు నవ్వించుటతో ఆగలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి.

ఇట్టి పాత్రలు మన దేశపు దురాచారములవలననే పుట్టినవని తలచుట పొరపాటు. 1813లో వెలువడిన జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను కళాశాలలో చదివినవారు మనలో ఎందరో కలరు. బెన్నెట్ దంపతులకు అయిదుగురు కుమార్తెలు, కుమారుడు లేడు. మగసంతతికే ఆస్తి చెందవలెనను కట్టుబాటుచే ఆ ఇల్లు, భూమి తండ్రి యనంతరము దూరపుబంధువైన కాలిన్స్ అను మతగురువునకు పోవలసియున్నది. ఈ కాలిన్స్ ప్రపంచ సాహిత్యమున పేరొందిన వెఱ్ఱిబాగులవాడు. మాటకు ముందు పొగడ్త, మాటకు వెనుక క్షమాపణ. ఆయన ఎలిజబెత్‌ను పెండ్లాడుదునని యడుగును, ఆమె వలదనును, అది సిగ్గుచేత పలికిన మాటయేయని ఆయన సంతోషించును. ఆ ఘట్టమున నవ్వనివారుండరు. కాని ఆలోచింపుడు: ఆడపిల్ల వలదన్నను వలదన్నట్లు కాదని నమ్మువాడు, ఆమె తలపైనున్న కప్పునకు రేపటి యజమాని! అతనిని 27 ఏండ్ల శార్లట్ లూకస్ పెండ్లాడినది. ప్రేమచేత కాదు; వేరొక నీడ దొరకదను భయముచేత.

ఆ నవలలోనే లేడీ కేథరిన్ అను జమీందారిణి గలదు. పొరుగింటి వంటనుండి పరుల పిల్లల చదువువరకు అన్నిటికిని ఆమెయే తీర్పరి. తాను నేర్చియున్నచో గొప్ప సంగీతవిద్వాంసురాలనై యుందునని, నేర్వకయే, చెప్పుకొనునట్టి ఘనురాలు. ఆమె బండి కట్టించుకొని వచ్చి, తన మేనల్లుని పెండ్లాడనని మాట యిమ్మని ఎలిజబెత్‌ను గద్దించును. ఎలిజబెత్ ఇయ్యదు. ఆ క్షణముననే ఆ జమీందారిణి వట్టి నవ్వులబొమ్మగా మిగులును. ఎదుటివారు లొంగినంతవరకే ఆమె భయంకరి.

ఇంకొక ఉదాహరణము మన ఉద్యోగివర్గమునకు మరింత చేరువైనది. డికెన్స్ 1849–50లో ప్రకటించిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో యురయా హీప్ అను గుమాస్తా గలడు. తాను అల్పుడనని నిమిషమునకొకసారి చెప్పుకొనుచు, చేతులు పిసుకుకొనుచు, మెలికలు తిరుగుచుండును. ఆ వినయము చూచి నవ్వుచుండగనే అతడు యజమాని లెక్కలన్నిటిని తన గుప్పిట పట్టును. పిదప యజమాని కూతురైన ఆగ్నెస్‌ను తనకిమ్మనును. క్రింది అంతస్తున పుట్టి అవమానములు మ్రింగినవాడు పై అంతస్తునకెక్కుటకు పిల్లను మెట్టుగా వాడుకొన జూచుట ఇందలి భయము.

ఈ పాత్రలన్నిటిని ఒకచోట నిలిపి చూచినచో ఒక సత్యము గోచరించును. వీరి మూర్ఖత్వము వీరి సొంతము. వీరి బలము మాత్రము ఎరువుసొమ్ము. లుబ్ధావధానులకు బలము నిచ్చినది ఆచారము. కాలిన్స్‌కు బలము నిచ్చినది ఆస్తిచట్టము. అత్తకు బలము నిచ్చినది మూసిన తలుపు. హీప్‌కు బలము నిచ్చినది లెక్కల పుస్తకము. ఎరువిచ్చినవారు తమ సొమ్ము తిరిగి తీసికొన్ననాడు వీరు ఎవరికిని హాని చేయలేరు. రచయితలు ఈ సంగతి ఎరిగియే వీరిని దుర్మార్గులుగా గాక నవ్వులపాలుగా చిత్రించిరి. దుర్మార్గుని చూచి మనము, “అతడు వేరు, మేము వేరు” అని తప్పించుకొందుము. మన మామవలె, పొరుగు పెద్దవలె నున్న వెంగళప్పను చూచి నవ్వినపుడు, వానికి కఱ్ఱ చేతికిచ్చినవారెవరను ప్రశ్న మనవైపే తిరుగును.

కథలలో రచయిత దయదలచి పిల్లను తప్పించును. కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టుటచే సుబ్బి బ్రతికినది. నిజజీవితమున ఆడవేషములు లేవు. దానికి సాక్షి ఈ సూరతు నగరముననే చాలకాలము జీవించినది. ఆమె డాక్టరు రుఖ్మాబాయి (1864–1955). బొంబాయిలో పదునొకండవ యేట ఆమెకు దాదాజీ భికాజీ అను నతనితో పెండ్లియైనది. ఆమె పుట్టింటనే యుండి చదువుకొన్నది. చదువు సంధ్యలు లేని భర్తతో కాపురమునకు పోనని చెప్పినది. 1884లో అతడు న్యాయస్థానమున దావా వేసెను. 1885లో తీర్పు ఆమెకు అనుకూలమైనది. అప్పీలు పిమ్మట 1887లో, భర్తయింటికి పొమ్మనియు, లేనిచో ఆరునెలలు చెఱసాలకు పొమ్మనియు ఆజ్ఞ వచ్చెను. చెఱసాలకే పోదునని ఆమె యనెను. 1888లో 2000 రూపాయలు పుచ్చుకొని అతడు తన హక్కును వదలుకొనెను. ఆ వ్యాజ్యమును ఎవరైనను నాటకముగా వ్రాసినచో ఆ భర్త పాత్ర జనులను కడుపుబ్బ నవ్వించును. కాని అతని వెనుక న్యాయస్థానము, పోలీసు, చెఱసాల నిలిచియుండెను. రుఖ్మాబాయి లండనులో వైద్యవిద్య నభ్యసించి, తిరిగివచ్చి, సూరతు స్త్రీల ఆసుపత్రిలో రెండు దశాబ్దములకు పైగా సేవచేసినది. ఏ అధికారము ఆమెను ఒక యింటికి అంటగట్ట జూచెనో, దానిని ధిక్కరించి ఆమె ఎన్నో యిండ్ల తల్లులకు ప్రాణదానము చేసినది.

సూరతులో పెరిగి చదువుకొన్న బెహ్రాంజీ మలబారీ 1884లో బాల్యవివాహములను, నిర్బంధవైధవ్యమును గూర్చి ప్రకటించిన పత్రములు, ఈ రుఖ్మాబాయి వ్యాజ్యము, దేశమంతట చర్చ రేపినవి. 1891లో సమ్మతి వయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచుచు చట్టము వచ్చెను. 1929లో శారదా చట్టము ఆడపిల్ల పెండ్లి వయస్సును పదునాలుగేండ్లుగా నిర్ణయించెను. నేడది పదునెనిమిది. ఎరువుసొమ్ము కొంత తిరిగి తీసికొనబడినది. లుబ్ధావధానులు నేడు వట్టి నవ్వులబొమ్మ. పిల్లలు నిర్భయముగా ఆ వేషము వేయగలుగుచున్నారు.

ఐనను గురజాడవారు గిరీశమును కూడ సృష్టించి మనకొక హెచ్చరిక చేసిపోయిరి. గిరీశము ముసలివాడు కాడు; ఛాందసుడు కాడు. ఆంగ్లము దంచును, వితంతు వివాహములపై ఉపన్యసించును. 1955లో వచ్చిన చలనచిత్రమున నందమూరి తారకరామారావుగారు ఆ వేషమున మనలనందరిని నవ్వించిరి. కాని పూటకూళ్ళమ్మ సొమ్ము తిన్నవాడు, వెంకటేశమునకు చదువు చెప్పు నెపమున ఇంట జొరబడి బుచ్చమ్మను లేవదీసికొని పోయినవాడు ఇతడే. చివరకు సౌజన్యారావు పంతులుగారు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపుటచే ఆమె గట్టెక్కినది. పాత ఆచారము పోయినచోట కొత్త మాటలనే ఎరువు తెచ్చుకొను మోసగాడు రాగలడని గురజాడవారి భావము.

వారు భావించినట్లే జరిగినది. కన్యాశుల్కము పోయి వరశుల్కము వచ్చినది. ఈ మార్పులో మన ఉద్యోగివర్గమునకు పాత్ర లేదని ఎవరు చెప్పగలరు? స్థిరమైన జీతము, ప్రభుత్వ నివాసము గల వరునకు పెండ్లిసంతలో ధర పెరుగుట మనమందరము ఎరిగినదే. కొన్నేండ్లక్రితము ఒక పెండ్లిచూపులలో నేను కూర్చుండవలసి వచ్చినది. వరుని తండ్రి మహాహాస్యప్రియుడు. “మాకేమీ వద్దండీ. మీ అమ్మాయి మా యింట్లో నేలమీద పడుకుంటే మీకు చిన్నతనం కదా, అందుకని మంచం అనుకోండి. నడిచి వెడితే మాకు చిన్నతనం కదా, అందుకని కారు అనుకోండి,” అని ఆయన చమత్కరించుచుండగా గదిలోనివారందరు నవ్విరి. నేనును నవ్వితిని. పిల్లతండ్రియు నవ్వెను, కాని ఆయన చేతిలోని కాఫీగ్లాసు వణకుచుండుట చూచితిని. ఆనాడు నేను మాటాడకుండుట నాకు నేటికిని సిగ్గు కలిగించును. ఆయనకు కఱ్ఱ చేతికిచ్చినవారిలో నవ్వినవారమందరమును ఉన్నాము.

1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. కేంద్రప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమావళిలో 13-ఎ నియమము కట్నము ఇచ్చుటను, పుచ్చుకొనుటను, ప్రోత్సహించుటను, ప్రత్యక్షముగ గాని పరోక్షముగ గాని అడుగుటను నిషేధించుచున్నది. సెలవు నియమములను, ప్రయాణభత్యపు నియమములను కంఠస్థము చేసిన మనము ఈ యొక్క నియమమును ఎంతమందిమి జ్ఞప్తియందుంచుకొన్నాము? మంచము, కారు అని చమత్కరించుటయు ఆ పరోక్షము క్రిందికే రాదా?

కావున సోదరసోదరీమణులారా, వచ్చు ఉగాదికి పిల్లలు మరల ‘కన్యాశుల్కము’ ఆడినచో మనసార నవ్వుదము. గురజాడవారు కోరినదియు అదియే. కాని నవ్విన తరువాత ఒకమారు ముందువరుసవైపు చూతము. అక్కడ కూర్చున్న వృద్ధురాలి వంశమున ఆరేండ్ల పిల్ల యొకతె, వరుని చూచి తాతగారనుకొని నవ్వినది. ఆ పిల్ల నవ్వునకు సమాధానము చెప్పగల స్థితిలో మన యిండ్లలోని పెండ్లిండ్లు జరుగుగాక.